నీళ్లదెంత, బిళ్లలదెంత



తిరువూరులో విజయవాడ బస్సెక్కితే, మైలవరం చేరేలోపు ఏ.కొండూరు మండలం తగులుతుంది. రోడ్డుకు అటూ ఇటూ మామిడి తోటలు, పత్తి చేలు. కాస్త లోపలికి వెళ్తే లంబాడీ తండాలు. ఆ తండాల పేరెత్తితే మన ఎన్టీఆర్ జిల్లాలో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది కిడ్నీ జబ్బు. ఇంటికి పెద్దదిక్కైన మనిషి కాళ్లకు నీరు పట్టి, ఆకలి చచ్చి, చివరికి డయాలిసిస్ మంచం మీదికి చేరిన ఇళ్లు అక్కడ తక్కువేం కాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కిడ్నీ జబ్బు కథ దేశమంతా విన్నది. మన ఏ.కొండూరు కథ అంత దూరం పోలేదు.

ఈ జబ్బుకు కారణమేమిటని రచ్చబండ మీద అడిగి చూడండి. ఒకాయన "బోరు నీళ్లండీ, ఫ్లోరైడు" అంటాడు. పక్కనే ఇంకొకాయన "నీళ్లు కాదు, ఆ నొప్పుల బిళ్లలు. పొద్దున్న ఒకటి, రాత్రి ఒకటి మింగితే కిడ్నీలు ఉంటాయా?" అంటాడు. మూడో ఆయన నాటుసారా అంటాడు. ఇక వాదం ఆగదు. ఎవరి మాట వాళ్లది.

సారా సంగతి ఇంకో రోజు చూద్దాం. మొదటి ఇద్దరి తగువే ఈ రోజు మన ప్రసంగం. ఎందుకంటే ఆ ఇద్దరూ తాము ఒకరినొకరు కాదంటున్నామని అనుకుంటున్నారు గానీ, ఇద్దరి మాటా ఒకేసారి నిజం కావచ్చు.

ఎలాగంటారా? ఫ్లోరైడు ఎక్కువున్న నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఎముకలు, కీళ్లు దెబ్బతింటాయి. ఇది మన తెలుగు నేల మీద 1930ల నుంచీ డాక్టర్లు రాసిపెడుతున్న విషయమే. నల్లగొండ, ప్రకాశం జిల్లాల వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. కీళ్ల నొప్పులు పుడితే మనిషేం చేస్తాడు? పత్తి ఏరి సాయంత్రం ఇంటికొచ్చిన ఆడకూతురు మోకాళ్లు పట్టేసి కూర్చోలేదు, లేవలేదు. మర్నాడు మళ్లీ కూలికి వెళ్లాలి. ఊళ్లో కొట్టుకి పిల్లాణ్ణి పంపిస్తుంది. కొట్టతను అట్ట తీసి, కత్తెరతో రెండు బిళ్లలు కత్తిరించి ఇస్తాడు. పేరున్న వైపు అట్టలోనే ఉండిపోతుంది, బిళ్లలు మాత్రం ఇంటికొస్తాయి. "ఏం బిళ్లమ్మా?" అని అడిగితే "నొప్పుల బిళ్లే సారూ" అంటుంది. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటి మందులు అతిగా వాడితే కిడ్నీలకు ముప్పని వైద్యులందరికీ తెలుసు. వడదెబ్బలో, ఒంట్లో నీరు తక్కువైనప్పుడు వాడితే ముప్పు ఇంకా ఎక్కువ.

ఇప్పుడు చూడండి. నీళ్లు నొప్పిని తెచ్చాయి, నొప్పి బిళ్లను తెచ్చింది, బిళ్ల కిడ్నీని కొట్టింది. ఇది ఒక దారి. ఆ నీళ్లలో ఉన్నదేదో బిళ్లతో పనిలేకుండా తనంతట తానే కిడ్నీని దెబ్బతీస్తే అది రెండో దారి. మొదటిదాన్ని గణాంక శాస్త్రంలో పరోక్ష ప్రభావం అంటారు, రెండోదాన్ని ప్రత్యక్ష ప్రభావం అంటారు. మధ్యలో నిలబడ్డ బిళ్లకు మధ్యవర్తి అని పేరు. ఏ.కొండూరులో నిజంగా జరిగింది ఇదేనని నేను అనడం లేదు. ఈ రెండు దారులూ ఉండే వీలుంది, వాటిని విడదీయకుండా తీర్పు చెప్పకూడదు, అంతే నా మాట.

విడదీస్తే ఒరిగేదేమిటి? చాలా ఉంది. నష్టమంతా బిళ్లల దారిలోనే వస్తోందనుకోండి. నీళ్లు మార్చినా, ఇప్పటికే వంగిపోయిన కీళ్లు నొప్పి మానవు, బిళ్లలు ఆగవు, జబ్బూ ఆగదు. "కృష్ణా నీళ్లు తెచ్చారు, ఏం లాభం?" అంటారు జనం. నష్టమంతా నేరుగా నీళ్ల నుంచే అయితే, బిళ్లల మీద ఎంత ప్రచారం చేసినా డబ్బు దండగ.

సరే, విడదీద్దాం. ఎలా? ఇక్కడో లెక్క చెబుతాను. అంకెలు నేను ఊహించినవి, ఏ సర్వేలోవీ కావు. వింటూ గుర్తుపెట్టుకోవడానికి వీలుగా చిన్నవే తీసుకుంటున్నాను. బోరు నీళ్లు తాగే వంద మందిలో పన్నెండు మందికి జబ్బు వచ్చింది. అదే వంద మంది ఏటి నీళ్లు తాగుతూ బతికి ఉంటే నలుగురికే వచ్చేది. తేడా ఎనిమిది. ఇది మొత్తం ప్రభావం. ఇందులో పేచీ లేదు.

ఇప్పుడు ఒక విచిత్రమైన ఊహ చేయాలి. ఆ వంద మంది తాగేది బోరు నీళ్లే. కానీ బిళ్లలు మాత్రం, ఏటి నీళ్లు తాగి ఉంటే ఎన్ని వేసుకునేవారో అన్నే వేసుకున్నారు. అప్పుడు తొమ్మిది మందికి జబ్బు వచ్చేదనుకుందాం. నలుగురి నుంచి తొమ్మిదికి పెరిగింది. ఆ ఐదూ నీళ్లు నేరుగా చేసిన పని. తొమ్మిది నుంచి పన్నెండుకు పెరిగిన ఆ మూడూ బిళ్లల దారిలో వచ్చినవి. ఐదూ మూడూ ఎనిమిది. లెక్క తేలినట్టే ఉంది కదూ?

తేలలేదు. ఇదే లెక్క రెండో వైపు నుంచి చేద్దాం. తాగేది ఏటి నీళ్లు, బిళ్లలు మాత్రం బోరు నీళ్లవాళ్లు వేసుకున్నన్ని. అప్పుడు ఐదుగురికి జబ్బు అనుకుందాం. నాలుగు నుంచి ఐదు. అంటే బిళ్లల వల్ల ఒక్కటే! మిగతా ఏడూ నీళ్లవి. ఇందాక మూడన్న బిళ్లల వాటా ఇప్పుడు ఒకటైంది. అబద్ధం ఎక్కడా లేదు. మంచి నీళ్లు తాగే మనిషిని బిళ్ల కొంచెమే కొడుతుంది. చెడ్డ నీళ్లకు అప్పటికే నలిగిన కిడ్నీని గట్టిగా కొడుతుంది. రెండూ కలిసినప్పుడు మాత్రమే పుట్టే నష్టం ఒకటుంది, మన లెక్కలో అది రెండు. ఆ రెండిటినీ నీళ్ల ఖాతాలో రాయాలా, బిళ్లల ఖాతాలో రాయాలా అన్నది మనం అడిగే ప్రశ్నను బట్టి ఉంటుంది. కాబట్టి "జబ్బులో ఇంత శాతం నీళ్లది, ఇంత శాతం బిళ్లలది" అని ఎవరైనా పేపర్లో ఒకే అంకె వేస్తే, ఏ వైపు నుంచి లెక్కపెట్టారో అడగండి.

మన రోడ్లనే చూడండి. తిరువూరు నుంచి బెజవాడకు మైలవరం మీదుగా ఒక దారి, విస్సన్నపేట, నూజివీడు మీదుగా ఒక దారి. మైలవరం దారి మూసేస్తే ఆ దారిన వెళ్లే జనమంతా ఇంట్లో కూర్చోరు, కొందరు నూజివీడు మీదుగా చుట్టు తిరిగి వెళ్తారు. ఒక దారి మూసినంత మాత్రాన దాని మీది రద్దీ అంతా మొత్తంలోంచి తీసివేతకు రాదు. కారణాలూ అంతే.

ఇలా దారుల బొమ్మ గీసి లెక్కకట్టే ఆలోచన కొత్తదేం కాదు. సీవల్ రైట్ అనే అమెరికన్ జన్యు శాస్త్రవేత్త గినీ పందుల మీద పనిచేస్తూ, 1920, 21ల్లోనే బాణం గుర్తులతో కారణాల పటాలు గీశాడు. ఇప్పుడు మనం చెప్పుకున్న ఆ విచిత్రమైన ఊహను 1992లో శాస్త్రవేత్తలు రాబిన్స్, గ్రీన్‌లాండ్ లెక్కగా రాశారు. 2001లో జూడియా పెర్ల్ అనే మరో శాస్త్రవేత్త దానికి ఇంకా చక్కని రూపమిచ్చాడు.

వీళ్లందరికన్నా మనకు దగ్గరి సంగతి ఇంకొకటుంది. మనకు అటు నూజివీడు, ఇటు నందిగామ. ఆ రెండు ఊళ్ల బళ్లలోనూ చదువుకున్న కల్యంపూడి రాధాకృష్ణారావుగారు, లోకం సి.ఆర్.రావు అని పిలిచే మహా గణాంక శాస్త్రవేత్త, కేంబ్రిడ్జిలో రొనాల్డ్ ఫిషర్ దగ్గర పరిశోధన చేశారు. ఆ ఫిషర్ చేలల్లో ప్రయోగాలకు పద్ధతి నేర్పినవాడు. ఏ మడికి ఏ ఎరువు వేయాలో మన ఇష్టానికి వదలకుండా లాటరీ తీసి వేయమన్నది ఆయనే. అంతటివాడు కూడా ఈ ప్రత్యక్ష, పరోక్షాల దగ్గర కొంచెం జారాడు. ఎరువు వల్ల దిగుబడి ఎంత పెరిగిందో చూసేటప్పుడు, మడిలో బతికిన మొక్కల సంఖ్యను లెక్కలోకి తీసుకుని దాని ప్రభావాన్ని తీసివేయవచ్చన్నాడు. మిగిలింది ఎరువు నేరుగా చేసిన పని అనుకోవచ్చని. మిరప రైతును అడగండి. ఏ మడిలో మొక్కలు ఎక్కువ బతికాయన్నది ఎరువును బట్టే కాదు, ఆ మడి మట్టిని బట్టి, నీరు నిలిచే పల్లాన్ని బట్టి కూడా ఉంటుంది. అదే మట్టి, అదే పల్లం దిగుబడినీ మారుస్తాయి. ఎరువు లాటరీలో వేశాం, నిజమే. మొక్కల బతుకును లాటరీ తీయలేదు కదా! డోనాల్డ్ రూబిన్ అనే హార్వర్డ్ ప్రొఫెసరు 2004, 2005 ప్రాంతాల్లో రాసిన వ్యాసాల్లో ఫిషర్ సలహాను పట్టుకుని ఇదే తప్పని చూపించాడు. పెద్దవాళ్ల తప్పులు పట్టుకోవడం మన దగ్గర అమర్యాద. శాస్త్రంలో మాత్రం అదే గౌరవం అనుకుంటాను.

ఆ తప్పు మన తండాల్లో ఎలా కనబడుతుందో చూద్దాం. ఒక కుర్ర పరిశోధకుడు వచ్చాడనుకోండి. "బిళ్లల సంగతి పక్కన పెడదాం, బిళ్లలు వాడేవాళ్లను మాత్రమే రెండు చోట్లా పోల్చి చూస్తాను. బిళ్లలు ఇద్దరూ వాడతారు కాబట్టి, మిగిలే తేడా నీళ్లదే" అంటాడు. వినడానికి బాగుంది. కానీ ఏటి నీళ్లు తాగే ఊళ్లో నొప్పుల బిళ్లలు ఎవరు వాడతారు? నీళ్లకు వచ్చే నొప్పి లేదు కాబట్టి, లారీలకు బస్తాలెత్తేవాళ్లు, ఎండలో రోజంతా రాళ్లు కొట్టేవాళ్లు. ఆ కష్టం, ఆ ఎండ విడిగానే కిడ్నీలకు చెడు చేస్తాయి. బోరు నీళ్ల తండాలో అయితే కష్టం చేసేవాళ్లతో పాటు ఇంటిపట్టున ఉండే ముసలమ్మ కూడా బిళ్ల వేసుకుంటుంది, నీళ్లు తెచ్చిన నొప్పికి. కాబట్టి అతను పోల్చింది ఒకవైపు మొత్తం కష్టజీవులను, ఇంకోవైపు అందరూ కలిసిన జనాన్ని. ఏటి ఊరివాళ్లకు జబ్బు ఎక్కువ కనబడుతుంది, బోరు నీళ్లు అమాయకంగా కనబడతాయి. అతను రాజధానికి వెళ్లి "నీళ్లలో పెద్ద దోషం లేదు" అని నివేదిక ఇచ్చినా ఆశ్చర్యం లేదు.

ఇది నేను అల్లిన భయం కాదు. 1971లో కాలిఫోర్నియాలో జేకబ్ యెరుషాల్మీ అనే శాస్త్రవేత్త పుట్టిన బిడ్డల లెక్కలు చూశాడు. పొగ తాగే తల్లులకు తక్కువ బరువు బిడ్డలు ఎక్కువగా పుడుతున్నారు. కానీ తక్కువ బరువు బిడ్డలను మాత్రమే తీసి చూస్తే, పొగ తాగే తల్లుల బిడ్డలే ఎక్కువగా బతుకుతున్నారు! పొగ బిడ్డకు మేలు చేస్తోందా? కాదు. పొగ తాగని తల్లికి బిడ్డ చిన్నగా పుట్టిందంటే వెనక ఇంకేదో పెద్ద కారణం, పుట్టుక లోపం లాంటిది, ఉండే అవకాశం ఎక్కువ. బరువు దగ్గర ఆగి పోల్చేసరికి చెడ్డది మంచిదిగా కనిపించింది. ఆ చిక్కుముడి విప్పడానికి పరిశోధకులకు కొన్ని దశాబ్దాలు పట్టింది.

ఇన్ని ఇబ్బందులున్నా, దారుల్ని తెలివిగా పట్టుకున్న అధ్యయనం ఒకటి మన రాష్ట్రంలోనే జరిగింది. నీళ్ల మీద కాదు, బళ్ల మీద. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు ప్రభుత్వంతోనూ అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్‌తోనూ కలిసి ఐదు జిల్లాల గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో పెద్ద ప్రయోగం పెట్టారు. ఏ బడికి ఏ పథకమో లాటరీలోనే తేల్చారు. అందులో ఒక భాగం గ్రాంటు. రెండు వందల బళ్లు తీసుకుని, అందులో వంద బళ్లకు ఏటా సుమారు పదివేల రూపాయల గ్రాంటు ఇచ్చారు. కట్టడాలకు వాడకూడదు, పిల్లలకు పనికొచ్చే సామగ్రికే వాడాలి. బళ్లు ఎక్కువగా నోటు పుస్తకాలు, వర్కు బుక్కులు, పలకలు, చార్టులు కొన్నాయి.

మొదటి ఏడాది గ్రాంటు బళ్ల పిల్లలకు మార్కులు పెరిగాయి. రెండో ఏడాది అదే గ్రాంటు, అవే బళ్లు, మార్కులు పెరగలేదు. పైపైన చూసేవాడు "పుస్తకాలు ఇస్తే లాభం లేదు, మొదటి ఏడాది ఏదో కాకతాళీయం" అని తేల్చేస్తాడు. పరిశోధకులు అక్కడితో ఆగలేదు. ఇళ్లకు వెళ్లి, బిడ్డ చదువుకు తల్లిదండ్రులు ఎంత ఖర్చుపెట్టారో అడిగారు. మొదటి ఏడాది గ్రాంటు సంగతి ఎవరికీ ముందుగా తెలియదు. జూన్‌లో బడి తెరిచేసరికి ఇంటివాళ్లు కొనాల్సినవి కొనేశారు, గ్రాంటు పుస్తకాలు దాని పైన అదనం. రెండో ఏడాది ముందే తెలుసు. "పుస్తకాలు బళ్లోనే ఇస్తారంట" అని, అంత మేరకు ఇంటి ఖర్చు తగ్గించుకున్నారు. బడి ఎంత ఇచ్చిందో దాదాపు అంతా. బిడ్డ చేతికి చేరిన పుస్తకాలు అటూ ఇటూ అంతే. మార్కులూ అంతే.

ఈ సంగతి కొంచెం నిదానంగా చూడాలి. పుస్తకం నేరుగా చేసే మేలు రెండు ఏళ్లలోనూ ఒకటే. ఇంటి ఖర్చు అనే రెండో దారి మొదటి ఏడాది మూసి ఉంది, రెండో ఏడాది తెరుచుకుని మేలును వెనక్కి లాగింది. అందుకే మొత్తం సున్నా. పుస్తకాలు పనికొస్తాయా అన్న ప్రశ్నకు జవాబు అవును. ప్రతి ఏటా గ్రాంటు ఇస్తే మార్కులు పెరుగుతాయా అన్న ప్రశ్నకు జవాబు పెరగవని. రెండూ ఒకే ప్రయోగంలోంచి వచ్చిన నిజాలు. ఇక పిల్లల ఖర్చు తగ్గించుకున్నారని ఆ తల్లిదండ్రులను తప్పుపట్టేవాళ్లు కనబడతారు. నేను పట్టను. ఆ మిగిలిన డబ్బుతో ఇంట్లో ఇంకో అవసరం తీరింది. ఆ లాభం మార్కుల కాగితంలో కనపడదు, అంతే.

అదే ప్రయోగంలో ఇంకో భాగం టీచర్లకు బోనసు. పిల్లల మార్కులు ఎంత పెరిగితే అంత బోనసు. రెండేళ్లలో బోనసు బళ్ల పిల్లలు లెక్కల్లోనూ భాషలోనూ స్పష్టంగా ముందుకొచ్చారు. ఏ దారిలో? మీరూ నేనూ వెంటనే అనేది "మాస్టార్లు బడికి సరిగ్గా వచ్చి ఉంటారు" అని. చెప్పకుండా వెళ్లి హాజరు చూశారు. బోనసు ఉన్న బళ్లలోనూ లేని బళ్లలోనూ మాస్టార్ల గైర్హాజరు ఒకేలా ఉంది. అంటే ఆ దారి కాదు. అడిగితే, బోనసు బళ్ల టీచర్లు హోంవర్కు ఎక్కువ ఇచ్చామని, బడి అయ్యాక అదనపు క్లాసులు తీసుకున్నామని, పరీక్షలకు సాధన చేయించామని చెప్పారు. నమ్మదగ్గ మాటే. అయినా ఇందాకటి ఫిషర్ పాఠం ఇక్కడా వర్తిస్తుంది. బోనసు లాటరీలో వచ్చింది, అదనపు క్లాసులు రాలేదు. అవి ఏ మాస్టారు పెట్టాలో ఆయన ఇష్టం. కాబట్టి హాజరు దారి కాదని గట్టిగా చెప్పగలం. క్లాసుల దారి ఎంత అని కొలిచి చెప్పాలంటే మాత్రం ఇంకొన్ని నమ్మకాలు అరువు తెచ్చుకోవాలి. ఒక దారి మూసి ఉందని చెప్పడం సులువు, తెరిచి ఉన్న దారిలో ఎంత ప్రవాహం పోతోందో చెప్పడం కష్టం.

ఇప్పుడు ఏ.కొండూరుకు ఏం చేయవచ్చో చూద్దాం. కృష్ణా నీళ్లను గొట్టాల్లో తండాలకు తేవాలన్నది పథకం. అన్ని తండాలకూ ఒకే రోజు నీళ్లు రావు, ఎక్కడైనా అంతే. లాటరీ కోసం ఏ తండాకూ మంచినీళ్లు ఆపకూడదు, అది పాపం. కానీ కుళాయి ఏ తండాలో ఏ నెలలో మొదలైందన్న తేదీలు ఎలాగూ ఉంటాయి. ఆ తేదీలకు ముందూ వెనకా, ప్రతి తండాలో పెద్దవాళ్ల రక్తంలో, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంతుందో ఆరోగ్య కేంద్రం వాళ్లు కొలిచి పెడితే, నీళ్ల మొత్తం ప్రభావం చాలా మేరకు తెలుస్తుంది. నీళ్లు ముందొచ్చిన తండాకీ వెనకొచ్చిన తండాకీ మధ్య పోలికతో అది తేలుతుంది.

దారులు విడదీయాలంటే అది చాలదు. బిళ్లల దారిని విడిగా కదిలించాలి. నొప్పులకు సురక్షితమైన వైద్యం, ఫిజియోథెరపీ, డాక్టరు చూసి కిడ్నీలకు తక్కువ ముప్పుండే మందు రాసివ్వడం, ఇవి ముందు ఏ తండాల్లో మొదలుపెట్టాలో నిజాయితీగా లాటరీ తీయవచ్చు. సిబ్బంది ఎలాగూ అన్ని చోట్లకీ ఒకేసారి పోలేరు. అప్పుడు నాలుగు రకాల తండాలు తయారవుతాయి. పాత నీళ్లు పాత బిళ్లలు, పాత నీళ్లు కొత్త వైద్యం, కొత్త నీళ్లు పాత బిళ్లలు, కొత్త నీళ్లు కొత్త వైద్యం. నేను ఇందాక ఊహించి చెప్పిన నాలుగు అంకెలు, పన్నెండు, తొమ్మిది, ఐదు, నాలుగు, వాటికి దగ్గరి రూపం నిజంగా చేతికొస్తుంది. ఆ రెండూ కలిసి చేసే నష్టం ఎంతో కూడా దొరుకుతుంది.

ఇందుకు పెద్ద కంప్యూటర్లు అక్కర్లేదు. ఆశా కార్యకర్త చేతిలో ఉండే రిజిస్టరులో రెండు గళ్లు చాలు. ఇంటికి ఏ నీళ్లు, ఏ నెల నుంచి అని ఒకటి. గత వారం వేసుకున్న బిళ్ల పేరు, ఎన్ని అని ఇంకొకటి. పేరు చెప్పలేని వాళ్ల కోసం అట్ట చూపించమని అడగాలి. కొట్టువాళ్లకు కూడా ఒక మాట చెప్పి పెట్టాలి, బిళ్లలు కత్తిరించేటప్పుడు పేరున్న ముక్కతో కలిపి కత్తిరించమని.